అబ్బాయి కట్టించిన స్విమ్మింగ్ పూల్‌ని ఎవరు చూసుకోవాలి?

నెల్లూరు దగ్గర ఇందుకూరుపేట మండలం నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. చాలా పెద్ద ఉత్తరం. ఆనవాళ్ళు తీసేసి, అసలు విషయం మాత్రం ఇక్కడ చెబుతున్నాను.

ఆవిడకు 60 దాటాయి. భర్త చాలా ఏళ్ళు రొయ్యల గుంటలు సాగు చేసి, నష్టాలొచ్చాక మానేశారు. ఒక్కడే కొడుకు, అమెరికాలో ఉద్యోగం. అమ్మానాన్నలు సుఖంగా ఉండాలని, తాను వచ్చినప్పుడు పిల్లలు ఆడుకుంటారని, సొంత స్థలంలో రెండంతస్తుల ఇల్లు కట్టించి పక్కనే 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉన్న స్విమ్మింగ్ పూల్ పెట్టించాడు. వాళ్ళు వచ్చేది ఏడాదికోసారి, సంక్రాంతికి, మూడు వారాలు. మిగతా ఏడాదంతా ఆ నీళ్ళతో పడేది ఈ ఇద్దరే. టౌన్ నుంచి నెలకు రెండుసార్లు ఒకతను వచ్చి క్లోరిన్ బిళ్ళలు వేసి వెళ్తాడు, వారం తిరిగేసరికి నీళ్ళు పచ్చబడతాయి. భర్త "నీళ్ళ సంగతి నాకు తెలియదా" అని ఆక్వా షాపు నుంచి బ్లీచింగ్ పౌడర్ తెచ్చి ఐదు కిలోలు ఒకేసారి చల్లుతారు, టైల్స్‌కి పట్టిన తెల్లచారల మీద యాసిడ్ పోస్తారు. ఈమధ్య ఒకరోజు బ్లీచింగ్ కలిపిన బకెట్‌లోనే యాసిడ్ పోశారు. పొగ లేచింది. దగ్గుతూ అక్కడే కూలబడితే ఆసుపత్రికి తీసుకెళ్ళి ఆక్సిజన్ పెట్టించాల్సి వచ్చింది. "అబ్బాయికి చెప్పొద్దు" అని ఆవిడ దగ్గర ఒట్టు వేయించుకున్నారు.

పోయిన సంక్రాంతికి నాలుగేళ్ళ మనవడు పూల్‌లో దిగిన మర్నాడు ఒళ్ళంతా దద్దుర్లు వచ్చి కళ్ళు ఎర్రబడ్డాయి. కోడలు "క్లోరిన్ ఎక్కువ వేశారేమో అత్తయ్యా" అంది. ఆ మాట ఆవిడకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. ఇంటి ఉత్తరం గోడ నల్లగా పాచి పట్టింది. కొడుకు వీడియో కాల్‌లో చూసి ప్రెషర్ వాష్ చేయించమన్నాడు, కాంట్రాక్టర్ పెద్ద మెషిన్‌తో కొట్టాడు, పాచితో పాటు పెయింటూ పోయింది, ఈ నవంబరు వానలకు ఆ గోడకు లోపలివైపు పడకగదిలో చెమ్మ దిగింది. ఇప్పుడు భర్త "గుంటలు తోడిన ఆయిల్ ఇంజన్ ఉంది, ఒక్క రాత్రిలో పూల్ ఖాళీ చేసి తాళం వేస్తా" అంటున్నారు. కొడుకేమో ఈ సంక్రాంతికి ఇద్దరు స్నేహితుల కుటుంబాలను కూడా తీసుకొస్తానంటున్నాడు. "మన వాతావరణంలో ఇది మా వల్ల అయ్యే పనేనా? మూసేద్దామంటే వాడు బాధపడతాడు. ఊరుకుంటే మా ఆయనకు ఏమవుతుందో అని టెన్షన్. ఏం చేయమంటారు?" అని అడిగారు.

అమ్మా, మీ ఉత్తరంలో రెండు విషయాలు ఆగేవి కావు. వాటిని ఈ రోజే చూడండి, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

మొదటిది ఆ బకెట్ సంగతి. బ్లీచింగ్‌లో యాసిడ్ పడితే పుట్టేది క్లోరిన్ వాయువు. అది గాలి కంటే బరువు, కిందకే దిగి పల్లంలో నిలుస్తుంది. అందుకే వంగి పనిచేసే మనిషికి నేరుగా తగులుతుంది, నేలలోకి దించి కట్టిన చిన్న పంపు గదిలో అయితే ఇంకా ప్రమాదం. అదే బకెట్ కాకపోయినా, యాసిడ్‌తో తోమి సరిగ్గా కడగని టైల్ మీద బ్లీచింగ్ చల్లినా ఇదే జరుగుతుంది. ఇంకొకటి, మీ వారికి తెలియకపోవచ్చు: టౌన్ అతను వేసే క్లోరిన్ బిళ్ళలు సాధారణంగా టీసీసీఏ అనే మందు. ఆ బిళ్ళలూ బ్లీచింగ్ పౌడరూ పేరుకు రెండూ క్లోరినే గానీ ఒకదానితో ఒకటి తగిలితే, అందులోనూ కాస్త తడి చేరితే, మంటలు లేస్తాయి, డబ్బా పేలవచ్చు కూడా. ఒకే మగ్గుతో రెండూ తీయకూడదు, ఒకే అరలో పెట్టకూడదు. యాసిడ్ క్యాన్ ఈ రెండింటికీ దూరంగా, వేరే చోట ఉండాలి. ఇప్పుడే వెళ్ళి షెడ్డులో ఏవి ఎక్కడున్నాయో మీరే చూడండి. పిల్లలు వచ్చేలోపు వాటికి తాళం పడాలి.

మళ్ళీ ఎప్పుడైనా అలాంటి పొగ లేస్తే బకెట్‌ని ముట్టుకోకుండా, అక్కడ నీళ్ళు పోయడానికి ప్రయత్నించకుండా, మనిషిని గాలి ఎటు నుంచి వస్తోందో ఆ దిక్కుకి, కాస్త ఎత్తున్న చోటికి తీసుకెళ్ళండి. కళ్ళు మండితే 15 నిమిషాలు ధారగా నీళ్ళతో కడగాలి. దగ్గు తగ్గిందని ఇంట్లో పడుకోనివ్వకండి, ఎందుకంటే కొందరికి కొన్ని గంటలయ్యాక ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. మీ వారికి ఇప్పటికీ మెట్లెక్కితే ఆయాసం, రాత్రిపూట దగ్గు ఉంటే ఛాతీ డాక్టరుకు ఒకసారి చూపించండి.

రెండోది, ఆయిల్ ఇంజన్. దయచేసి ఆపండి. ఈ నెలలో పూల్ ఖాళీ చేయడమంత నష్టం కలిగించే పని ఇంకొకటి లేదు. మనకు వానల్లో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య ఋతుపవనాల్లోనే పడుతుంది, పెన్నా డెల్టాలో, సముద్రానికి ఇంత దగ్గర్లో, ఈ రోజుల్లో భూమిలో నీళ్ళు చాలా పైకి వచ్చి ఉంటాయి. 2021 నవంబరు వరద చూసిన మీకు నేను చెప్పక్కర్లేదు. ఖాళీ పూల్ నేలలో పాతిన పడవ లాంటిది. చుట్టూ నీళ్ళు ఊరితే పైకి తేలడానికే చూస్తుంది. ఇప్పుడు అందులో ఉన్న దాదాపు 22 టన్నుల నీటి బరువే దాన్ని కిందకు అదిమి పెడుతోంది. ఆ బరువు తీసేస్తే అడుగు ఉబ్బి పగలొచ్చు, గోడలు చీలొచ్చు, మొత్తం తొట్టే ఒక పక్కకు లేవొచ్చు. మీ వారు తోడిన రొయ్యల గుంటలు మట్టివి, ఊట నీరు మట్టిలోంచి లోపలికి వచ్చేస్తుంది గనుక అక్కడ ఈ సమస్య ఉండదు. కాంక్రీటు తొట్టికి ఆ దారి లేదు. నీళ్ళు మార్చి తీరాల్సి వస్తే వానలు తగ్గాక, ఒకసారికి మూడోవంతు మించకుండా.

ఇప్పుడు మీరు అడిగిన ప్రశ్న. మన వాతావరణంలో అవుతుందా అంటే అవుతుంది. మీరు ఇప్పుడు చేస్తున్న పద్ధతిలో మాత్రం అవదు. దీనికి కారణం మీ అజాగ్రత్త కాదమ్మా, ముందు ఆ భారం దించుకోండి. నెలకు రెండుసార్లు వచ్చే మనిషితో ఈ ఎండలో, ఈ తేమలో ఏ పూల్ అయినా పచ్చబడుతుంది.

లెక్క చూడండి. 20 అడుగులు, 10 అడుగులు, సగటు లోతు 4 అడుగులనుకుంటే 800 ఘనపుటడుగులు, అంటే సుమారు 22,600 లీటర్లు. నీటిలో క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం ఉండాలి. 1 పీపీఎం అంటే వెయ్యి లీటర్లకు ఒక గ్రాము. 2 పీపీఎం పెంచాలంటే మీ పూల్‌కి 45 గ్రాముల క్లోరిన్ చాలు, 30 శాతం బ్లీచింగ్ పౌడర్‌లో లెక్కేస్తే 150 గ్రాములు. మీ వారు వేస్తున్నది ఐదు కిలోలు, అంటే 60 పీపీఎం పైన! ఆ వారం ఎవరూ దిగలేనంత ఘాటు, నీటిలో దాన్ని కాపాడే స్టెబిలైజర్ తగినంత లేకపోతే ఎండకు కొద్ది రోజుల్లోనే హరించుకుపోతుంది, తర్వాత వారమంతా నీటిలో క్లోరినే ఉండదు. ఆ ఖాళీ రోజుల్లోనే పాచి లేస్తుంది. పైగా బ్లీచింగ్ పౌడర్‌లో సున్నం ఉంటుంది కాబట్టి నీటి పీహెచ్, అంటే నీరు ఎంత ఆమ్లమో ఎంత క్షారమో చెప్పే అంకె, పెరుగుతుంది. 7.5 దగ్గర క్లోరిన్‌లో సగం పనిచేస్తే 8 దాటేసరికి పావు వంతు కూడా సరిగ్గా పనిచేయదు. ఆ సున్నమే మీ టైల్స్ మీద తెల్లచారలు, దాన్ని కరిగించడానికే మళ్ళీ యాసిడ్. ఒక తప్పుకు ఇంకో తప్పు మందు అయింది, అంతే.

మీ వారితో దీని గురించి మాట్లాడేటప్పుడు "మీకేం తెలియదు" అన్న అర్థం వచ్చేలా ఒక్క మాట కూడా రాకుండా చూసుకోండి. నిజానికి ఆయనకు చాలా తెలుసు. పొద్దున పీహెచ్ తక్కువ, సాయంత్రం ఎక్కువ ఎందుకుంటుందో, ఆల్కలినిటీ అంటే ఏమిటో, బ్లీచింగ్ కొట్టాక క్లోరిన్ పోయిందో లేదో చూడకుండా సీడ్, అంటే రొయ్య పిల్లల్ని, ఎందుకు వదలకూడదో రొయ్యల రైతుకు తెలిసినంత బాగా పూల్ మెకానిక్‌కి కూడా తెలియదు. తేడా అల్లా ఒకటే. గుంటలో నీటికి కలర్ రావాలి, నాచుమొక్కలు పెరిగితేనే రొయ్యకు మేలు, అందుకే పంట మొదలెట్టేముందు ఒకసారి గట్టిగా శుద్ధి చేసి తర్వాత ఆ కలర్ కోసం చూస్తారు. పూల్‌లో ఆ కలర్ ఒక్క రోజు కూడా రాకూడదు, కాబట్టి చిన్న మోతాదు రోజూ పడాలి. ఈ మాట ఇలాగే చెప్పి చూడండి. చేతికి ఒక నోటుబుక్కు, 10 మిల్లీలీటర్ల గొట్టంలో చుక్కలేసి చూసే టెస్ట్ కిట్ ఇవ్వండి. మందు చల్లే పని తీసేసి కొలిచే పని ఆయనకు అప్పగిస్తే చాలావరకు గొడవ సర్దుకుంటుంది. పీహెచ్ ఊగిసలాడకుండా నిలబెట్టే ఆల్కలినిటీ 80 నుంచి 120 పీపీఎం, కాల్షియం హార్డ్‌నెస్ 200 నుంచి 400 పీపీఎం మధ్య ఉంటే మంచిది. ఈ రెండూ నెల్లూరులో ఆయనకు తెలిసిన ఏ ఆక్వా ల్యాబ్‌లో అయినా చూపించుకోవచ్చు. మీది బోరు నీళ్ళయితే హార్డ్‌నెస్ మొదట్నించే ఎక్కువ ఉండొచ్చు, అప్పుడు బ్లీచింగ్ పౌడర్ మానేసి లిక్విడ్ క్లోరిన్ వాడటం మేలు. 10 శాతం ఉన్నది 450 మిల్లీలీటర్లు వేస్తే మీ పూల్‌లో 2 పీపీఎం పెరుగుతుంది. అది వేడికి త్వరగా బలం తగ్గిపోతుంది కాబట్టి ఏడాదికి సరిపడా కొని పెట్టుకోకండి. క్లోరిన్ ఎప్పుడూ పొద్దుగూకాకే వెయ్యాలి. పీహెచ్ 7.8 దాటి యాసిడ్ వేయాల్సి వస్తే పొద్దున, పంపు తిరుగుతుండగా, బకెట్ నీళ్ళలోకి యాసిడ్ పోసుకుని, అంతేగానీ యాసిడ్‌లోకి నీళ్ళు కాదు. పొద్దున యాసిడ్ అయితే క్లోరిన్ సాయంత్రానికి. వాటికి రెండు వేరు వేరు బకెట్లు, రెండు రంగులవి.

కోడలి మాట గురించి. క్లోరిన్ ఎక్కువైతేనే కళ్ళు మండుతాయని అందరూ అనుకుంటారు, ఆ అమ్మాయి కూడా అదే అనుకుంది. చాలాసార్లు కారణం దానికి సరిగ్గా వ్యతిరేకంగా ఉంటుంది. సరిపడా క్లోరిన్ లేనప్పుడు చెమట, మూత్రంతో కలిసి క్లోరమైన్లు తయారవుతాయి, ముక్కుకు తగిలే ఆ ఘాటు వాసన, కంటి మంట వాటివే. పీహెచ్ తప్పినా చర్మం మండుతుంది. అప్పుడు నీళ్ళు కొలవలేదు గనుక ఏది కారణమో ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. ఆవిడ మిమ్మల్ని నిందించిందని అనుకోవడం లేదు నేను, బిడ్డ ఏడుస్తుంటే తల్లికి నోటికి వచ్చిన మొదటి మాట అది. ఈసారి వాళ్ళు దిగేముందు మీ వారి నోటుబుక్కులో ఆ రోజు అంకెలు కోడలికి చూపించండి. అడుగున ఉన్న డ్రెయిన్ జాలీ పైనుంచి స్పష్టంగా కనపడనంత కాలం ఎవర్నీ దిగనివ్వకండి, ఎంత దూరం నుంచి వచ్చిన చుట్టాలైనా సరే.

ఇక మీ ముందున్న దారులు.

ఒకటి, పూల్‌ని ఏడాదంతా సరిగ్గా నడపడం. అంటే రోజూ పొద్దున పావుగంట కేటాయించే మనిషి ఒకరు కావాలి, టౌన్ నుంచి కాదు, మీ ఊళ్ళోనే. ఆకులు తీయడం, నీటి మీద తేలే చెత్తను పట్టే స్కిమ్మర్ బుట్ట దులపడం, వారానికోసారి గోడలు బ్రష్‌తో రుద్దడం, ఫిల్టర్ గేజిలో ప్రెషర్ శుభ్రంగా ఉన్నప్పటికంటే 8, 10 పీఎస్ఐ పెరిగితే నీటిని ఫిల్టర్‌లోంచి ఎదురు తిప్పి మురికి వదిలించే బ్యాక్‌వాష్ చేయడం. పంపు రోజుకు ఆరు గంటలైనా తిరగాలి. ఒక హార్స్‌పవర్ మోటారంటే రోజుకు నాలుగున్నర యూనిట్లు, నెలకు 135 యూనిట్ల దాకా మీ కరెంటు బిల్లులో కలుస్తాయి. వానాకాలంలో ఒక వాయుగుండం వచ్చి వెళ్ళిందంటే మందు మళ్ళీ మొదటి నుంచి సరిచూసుకోవాలి, మే నెలలో మనిషి మూడు రోజులు పెళ్ళికి వెళ్తే నీళ్ళు పచ్చబడతాయి. ఎండలకు నీరు ఆవిరై తగ్గుతుంటే మళ్ళీ బోరు నీళ్ళు పొయ్యాలి, పోసిన కొద్దీ ఉప్పులు పేరుకుంటాయి. ఇది చేయగలిగిన పనే, కానీ ఒక ఉద్యోగం. ఉద్యోగానికి జీతం ఉండాలి, ఆ జీతం ఎవరివ్వాలో పూల్ కట్టించినవాళ్ళే చెప్పాలి.

రెండోది, ఏడాదిలో నెలన్నర మాత్రం నడిపి మిగతా కాలం నిద్రపుచ్చడం. నీళ్ళు అలాగే ఉంచి, పీహెచ్ సరిచేసి, వెలుతురు చొరబడని మందపాటి కవర్ బిగించాలి. వెలుతురు తగలకపోతే పాచి పెరగదు, క్లోరిన్ కూడా ఎక్కువ రోజులు నిలుస్తుంది. పంపు రోజుకు రెండు మూడు గంటలు, కొలతలు వారానికోసారి. ఖర్చు సగానికి పైగా తగ్గుతుంది, మీ వారు ఒక్కరే కొలిచి చూసుకోగలరు. ఇబ్బందులు లేకపోలేదు. కవర్ మీద వాన నీళ్ళు నిలిస్తే దోమలు గుడ్లు పెడతాయి, డెంగీ దోమకు వారం పది రోజులు చాలు గుడ్డు నుంచి పెద్ద దోమ కావడానికి. శుక్రవారం డ్రై డే అని ఆశా వర్కర్లు చెప్పేది ఇందుకే, ఆ రోజున కవర్ మీద నీళ్ళు కూడా తోడెయ్యండి. వదులుగా కప్పిన కవర్ మీద పిల్లాడు అడుగు పెడితే దాంతోపాటే నీళ్ళలోకి జారిపోతాడు, బయటికి కనిపించడు కూడా. కాబట్టి కవర్ ఉన్నా లేకపోయినా చుట్టూ నాలుగడుగుల కంచె, దానంతటదే మూసుకునే గేటు, పిల్లల చేతికి అందని గడియ పెట్టించాలి.

మూడోది, పూల్‌ని పూల్‌గా వదులుకోవడం. దీనిలోనూ రెండు పద్ధతులున్నాయి. పైన స్లాబు వేయించి వాన నీటి సంపుగా మార్చుకోవచ్చు. మీ డాబా 1,500 చదరపు అడుగులుంటే 170 మిల్లీమీటర్ల వాన పడితే చాలు, ఆ తొట్టి నిండిపోతుంది, మన దగ్గర ఒక మంచి వాయుగుండం ఇచ్చే వాన అది. ఎండాకాలంలో ట్యాంకర్ కోసం చూడక్కర్లేదు. లేదా అడుగున బొక్కలు కొట్టించి మట్టి నింపి తోట వేసుకోవచ్చు. బొక్కలు కొట్టకుండా మట్టి పోస్తే మాత్రం వానాకాలంలో కిందంతా బురదగా నిలిచి చెట్లు కుళ్ళిపోతాయి. ఏది చేసినా ఇంజనీరుకు చూపించి, భూమిలో నీళ్ళు దిగే ఏప్రిల్, మే నెలల్లో చేయించాలి. ఒకసారి చేశాక వెనక్కి రావడం కష్టం. అందుకే అబ్బాయి ఇక్కడ లేనప్పుడు, అతనికి చెప్పకుండా ఈ పని చేయకండి. మీకు ఎంత విసుగొచ్చినా సరే.

ఇవేవీ కాకుండా ఇప్పుడున్నట్టే వదిలేయడం నాలుగోది. అన్నిటికంటే ఎక్కువ ఖర్చు దానికే అవుతుంది, మనిషి ఆరోగ్యంతో సహా.

నన్నడిగితే ఈ ఏడాదికి రెండోది నయమనిపిస్తోంది, సంక్రాంతికి వాళ్ళు వచ్చినప్పుడు మూడోదాని గురించి నలుగురూ పూల్ పక్కన కూర్చుని మాట్లాడుకోవచ్చు. పండక్కి నడపాలంటే డిసెంబరు రెండో వారంలో మొదలుపెట్టండి. పచ్చ నీళ్ళు తేటపడటానికి వారం పది రోజులు పట్టొచ్చు: సాయంత్రం క్లోరిన్ 10 పీపీఎం దాకా పెంచి, గోడలు రుద్ది, పంపు ఆపకుండా తిప్పి, రోజూ బ్యాక్‌వాష్. మరీ తేటపడకపోతే బిళ్ళల నుంచి పేరుకున్న సైన్యూరిక్ యాసిడ్ (పైన చెప్పిన స్టెబిలైజర్ ఇదే) ఎక్కువై ఉండొచ్చు, అది 100 పీపీఎం దాటితే క్లోరిన్‌ని పనిచేయనివ్వదు, దానికి పైన చెప్పినట్టు వానలు తగ్గాక, ఒకసారికి మూడోవంతు మించకుండా కొంత నీరు మార్చడమే మార్గం. ఆ నీళ్ళు తీసేటప్పుడు క్లోరిన్ సున్నా అయ్యేదాకా కొన్ని రోజులు ఎండకు వదిలి, అప్పుడే బయటికి పంపండి. పక్కనున్న రొయ్యల గుంటలోకో, పంట కాలవలోకో క్లోరిన్ నీళ్ళు పోతే ఏమవుతుందో మీ వారికే బాగా తెలుసు.

అబ్బాయికి చెప్పడం గురించి. మీ ఉత్తరమంతా పూల్ గురించే ఉన్నట్టుంది గానీ, మీకు నిద్ర పట్టనివ్వనిది ఆ ఒట్టు. ఆయన ఎందుకు దాచమన్నారో ఊహించగలను. గుంటలు పోయాయి, ఇప్పుడు కొడుకు అప్పజెప్పిన నీళ్ళు కూడా చూసుకోలేకపోయానని అనిపించుకోవడం ఏ తండ్రికైనా కష్టమే. అందుకని ముందు ఆయన్నే చెప్పమనండి. "ఆదివారం ఫోన్‌లో మీరే చెప్పండి, నేను పక్కనే ఉంటాను" అని ఒక గడువు పెట్టండి. చెప్తే మంచిదే. చెప్పకపోతే మీకు రెండే దారులు: ఒట్టు తప్పి మీరే చెప్పడం, అప్పుడు ఆయన కొన్నాళ్ళు మీతో మాట్లాడకపోవచ్చు. లేదా ఊరుకోవడం, అప్పుడు ఏమీ తెలియని కొడుకు ఇంకో రెండు కుటుంబాల పిల్లల్ని తీసుకొచ్చి ఆ నీళ్ళలో దించుతాడు, మీ వారు మళ్ళీ ఎవరికీ తెలియకుండా బకెట్ పట్టుకుంటారు. ఈ రెండింట్లో మొదటి బాధ చిన్నది.

చెప్పేటప్పుడు "మాకు నీ పూల్ వద్దు" అని మొదలుపెట్టకండి. "నాన్నకు ఆ రోజు ఊపిరాడలేదు నాయనా, మేం నీకు చెప్పలేదు. దీన్ని చూడటానికి రోజూ ఒక మనిషి కావాలి, లేదంటే ఏడాదిలో పది నెలలు మూసి ఉంచాలి. ఏది చేద్దామో నువ్వు చెప్పు, కానీ ఇకమీదట నాన్న మందు ముట్టుకోరు" అని సూటిగా అనండి. జీతం, కరెంటు, మందులు నెలకు ఎంతవుతుందో ఒక కాగితం మీద రాసి ఫోటో తీసి పంపండి. అక్కడ పూల్ చూసుకునే కంపెనీలుంటాయి, నెలకింత అని కడితే వాళ్ళే వచ్చి చూస్తారు, ఇక్కడ ఆ పని మీ చేతుల మీద జరుగుతోందని అబ్బాయికి తట్టి ఉండకపోవచ్చు. బాధపడతాడు, నిజమే. దాచినందుకు ఎక్కువ బాధపడతాడు. కోపంతో "అయితే పూడ్చెయ్యండి" అంటే ఆ మాటని అప్పటికప్పుడు పట్టుకోకండి, సంక్రాంతి దాకా ఆగండి. స్నేహితుల కుటుంబాల సంగతి మాత్రం ఇప్పుడే తేల్చుకోవాలి: కంచె లేకుండా, నీళ్ళలో పిల్లలున్నంతసేపు ఫోన్ పక్కన పెట్టి చూసే పెద్దమనిషి ఒకరు లేకుండా గేటు తీసేది లేదని చెప్పండి. ఇంటి పెద్దగా ఆ మాట అనే హక్కు మీకుంది.

ఇక గోడ. ఉత్తరం గోడే ఎందుకు నల్లబడిందంటే మన వానలు ఈశాన్యం నుంచి కొట్టేది ఆ వైపే, పైగా సెప్టెంబరు చివర్నించి మార్చి దాకా సూర్యుడు దక్షిణం వైపు ఉంటాడు కాబట్టి ఆ గోడకు ఎండే తగలదు. తడి ఆరదు, పాచి పోదు. దానికి పెద్ద మెషిన్ మందు కాదు. 100, 150 బార్ల ధార పెయింట్‌ని లేపేసి, ప్లాస్టరింగ్‌లో ఉన్న సన్న పగుళ్ళలోకి నీళ్ళు దూరేలా చేస్తుంది, పాచి కూడా పూర్తిగా చావదు. సాఫ్ట్ వాష్ అంటే చెట్లకు నీళ్ళు పెట్టే పైపంత ధారతోనే, మందు చేత పాచిని చంపి కడిగేయడం.

ముందు ఒక చోట లిక్విడ్ క్లోరిన్ కలిపిన నీళ్ళు దూదితో అద్ది పది నిమిషాలు చూడండి. నలుపు వెలిసిపోతే అది పాచి. వెలవకపోతే దుమ్మో పొగో. తెల్లగా పొడిలా రాలుతుంటే అది గోడలోంచి వచ్చే ఉప్పు, దానికి క్లోరిన్ ఏమీ చేయదు, చెమ్మ ఆపితేనే పోతుంది. పాచే అయితే 10 శాతం లిక్విడ్ ఒక పాలు, నీళ్ళు తొమ్మిది పాళ్ళు, చుక్క మామూలు సబ్బు నీళ్ళు, నిమ్మా వెనిగర్ ఉన్నవి వద్దు. పొద్దున ఎండ రాకముందే కింద నుంచి పైకి చల్లి, పది పదిహేను నిమిషాలుంచి, ఆరిపోకముందే పైనుంచి కిందకు మంచి నీళ్ళతో కడగాలి. గోడ పక్కన తులసి, మల్లె, కరివేపాకు ఏవున్నా ముందూ తర్వాతా బాగా నీళ్ళు పట్టండి. కిటికీల అల్యూమినియం, గ్రిల్స్ మీద పడితే వెంటనే కడిగెయ్యాలి. పొలంలో పురుగుమందు కొట్టిన స్ప్రేయర్ వాడొద్దు. కళ్ళద్దాలు, గ్లౌజులు తప్పనిసరి. ఆ రోజు ఇంట్లో ఎక్కడా యాసిడ్ సీసా తెరవకూడదు. నిచ్చెన మీ వారు ఎక్కొద్దు, కూలికి ఒక మనిషిని పెట్టుకోండి.

పండక్కి గోడ తెల్లగా కనపడాలని అబ్బాయి అంటే ముందువైపు సాఫ్ట్ వాష్ వరకే చేయించండి. ఇప్పుడు తడి గోడ మీద పెయింట్ వేయిస్తే సంక్రాంతికి బాగుంటుంది, ఉగాదికి బుడగలు లేచి ఊడుతుంది. వానలు పోయి గోడ ఆరాక, ఫిబ్రవరి మార్చిలో, పగుళ్ళు పూడ్చి, ప్రైమర్ వేసి, అప్పుడు పెయింట్. అంతకంటే ముందు పిట్టగోడ మీద నీళ్ళు నిలుస్తున్నాయా, సన్‌షేడ్ అంచు కింద నీరు కారి గోడ మీదకే వస్తోందా, ఓవర్‌హెడ్ ట్యాంకు పొర్లి ఆ వైపే పడుతోందా చూడండి. అవి సరిచేయకపోతే ఏ కంపెనీ పెయింటైనా రెండు వానాకాలాలు దాటదు.

పెయింట్ లేపిన కాంట్రాక్టర్‌ని ఏం చేయాలని కూడా అడిగారు. గొడవ పెట్టుకుంటే ఆయన మళ్ళీ రాడు, ఊరుకుంటే ఖర్చంతా మీదే. ఊడిన చోట్ల ఫోటోలు, అప్పటి బిల్లు లేదా ఫోన్ పేలో కట్టిన రసీదు దగ్గర పెట్టుకుని, పగుళ్ళ పూత, ప్రైమర్ వరకు ఆయన సొంత ఖర్చుతో చేయాలి, పెయింట్ డబ్బాలు మీరు కొనిస్తారు అని అడిగి చూడండి. చాలామంది దీనికి ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే కొత్త మనిషికి పని అప్పగించే ముందు అతను గోడ కడగడానికి ఏం వాడతాడో అడగండి. మెషిన్ పేరు ముందు చెప్పేవాడికి కాకుండా, ముందు గోడను చేత్తో తడిమి చూసేవాడికి ఇవ్వండి.